హారర్ టీజర్‌కు అద్దె కెమెరా: హనుమకొండలోని ఒక దుకాణంపై సమీక్ష

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు చోట్లా కెమెరాలు, లైట్లు అద్దెకిచ్చే దుకాణాలు ప్రధానంగా పెళ్లిళ్ల పని మీదే నడుస్తాయి. ముహూర్తాలున్న నెలల్లో అక్కడ మంచి ట్రైపాడ్ దొరకడం కూడా కష్టమవుతుంది; మూఢం వచ్చినప్పుడు, ఆషాఢంలో అదే సామాను అల్మారాల్లో పడి ఉంటుంది. పూలతో, సీరియల్ బల్బులతో వెలిగిపోయే మండపాన్ని తీయడానికి కొన్న ఈ సామాను, చీకటినే నమ్ముకున్న హారర్ టీజర్‌కు ఎంతవరకు పనికొస్తుంది, దాన్ని అద్దెకిచ్చే మనిషి విద్యార్థులకు ఎంతవరకు తోడ్పడతాడు అన్న రెండు ప్రశ్నలను దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను. నక్కలగుట్ట ప్రాంతంలో ఉన్న ఆ దుకాణం యజమాని తన పేరు గానీ దుకాణం పేరు గానీ రాయవద్దని కోరారు కనుక ఆ వివరాలు ఇవ్వడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సామాను చేతికిచ్చే ముందు యజమాని మనతో కూర్చుని గడిపే గంట సమయం ఈ దుకాణంలో అన్నిటికంటే విలువైనది, దానికి ఆయన ఒక్క రూపాయి కూడా తీసుకోరు. కెమెరా, లెన్సుల విషయంలో దుకాణాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. లైట్లను తీసుకునే ముందు వెలిగించి చూసుకోవాలి. శబ్దం రికార్డు చేసే సామాను కోసం మాత్రం ఈ ఒక్క దుకాణం మీద ఆధారపడకూడదు. హారర్‌లో సగం భయం చెవి నుంచే పుడుతుంది కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా బృందం ఒక లఘుచిత్రం తీయాలని అనుకొని, దానికి ముందుగా నిమిషం నిడివి గల టీజర్ సిద్ధం చేసుకోవాలని నిర్ణయించుకుంది. పరకాల వైపు ఒక ఊళ్లో చాలా కాలంగా ఎవరూ నివసించని పాత గడి మా కథాస్థలం. టేకు స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వెనుక ఎండిపోయిన చేదబావి, దాని మీద తుప్పుపట్టిన గిరక. తాడు లేని ఆ గిరక అర్ధరాత్రి దానంతటదే తిరగడం, ఆ చప్పుడు విని గదిలోని అమ్మాయి లేచి కూర్చోవడం, అంతవరకే టీజర్. దయ్యాన్ని ఎక్కడా చూపించకూడదని, చూసేవారికి కథ చెప్పకుండా ఒక్క ప్రశ్న మాత్రమే మిగల్చాలని మొదటి నుంచీ మా పట్టుదల.

దుకాణానికి మేము పట్టుకెళ్లిన జాబితా చాలా పెద్దది. అందులో గింబల్ (నడుస్తూ తీసినా కెమెరా ఊగకుండా పట్టి ఉంచే సాధనం), స్లైడర్ (కెమెరాను పట్టీ మీద మెల్లగా జరిపేది), దూరంలోని వాటిని దగ్గరగా చూపే 70-200 ఎంఎం లెన్సు, పొగ యంత్రం, నాలుగు లైట్లు ఉన్నాయి. యజమాని దాన్ని పక్కన పెట్టి, ‘తమ్మీ, ముందుగాల కథ చెప్పు, కెమెరా సంగతి తర్వాత సూద్దాం’ అన్నారు. కథంతా విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న గడి యజమానుల అనుమతి గురించి. రెండో ప్రశ్న, ఊరి పెద్దలకూ పోలీస్ స్టేషన్‌కూ ముందే చెప్పారా అన్నది; అర్ధరాత్రి పాడుబడిన ఇంట్లోంచి ఆడపిల్ల కేక వినిపిస్తే ఊరివాళ్లు కర్రలు పట్టుకొని వస్తారని ఆయన అన్న మాటలో నిజముంది. మాలో కొందరికి వరంగల్ కోటలోని ఖుష్ మహల్ దగ్గర కూడా ఒక షాట్ తీయాలని ఉండేది. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమనీ, అక్కడ చిత్రీకరణకు ముందుగా దరఖాస్తు చేసి అనుమతి పొందాలనీ, ట్రైపాడ్ పెట్టడానికి కూడా అనుమతి ఉండాలనీ చెప్పి, నిమిషం టీజర్‌కు రెండో స్థలం అవసరమే లేదని ఆయనే తేల్చారు. సామాను అద్దెకిచ్చే మనిషికి ఇవన్నీ పట్టించుకోవలసిన అవసరం లేదు. ఆయన పట్టించుకున్నారు.

ఆ తర్వాత మా షాట్ల పట్టికను ఒక్కొక్క వరుసా చదువుతూ, ఏ వస్తువు ఏ షాట్‌కు వాడతామో చెప్పమన్నారు. గింబల్‌కు మా దగ్గర సమాధానం లేదు, అది జాబితాలోంచి పోయింది. స్లైడర్ కూడా పోయింది; గిరక తిరిగే షాట్‌లో కెమెరా కదలకుండా నిలిచి ఉంటేనే తిరుగుతున్నది గిరక ఒక్కటేనని కంటికి తెలుస్తుందన్నది ఆయన వాదన. గది ఇరుకుగా ఉందని ఫొటోల్లో చూసి 70-200 తీసేసి, కాస్త వెడల్పుగా చూపే, వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే 35 ఎంఎం ఎఫ్1.8 లెన్సు ఒక్కటి చాలన్నారు. పొగ యంత్రం ఇవ్వనన్నారు. చిన్న గదిలో మట్టిమూకుడులో నిప్పులు వేసి సాంబ్రాణి చల్లి, పొగకు వెనుక నుంచి లైటు పెడితే వెలుతురు చార స్పష్టంగా కనబడుతుందని, ముందు నుంచి పెడితే పొగ తెల్లటి పొరలా పరుచుకొని గోడలన్నిటినీ బయటపెడుతుందని చెప్పారు. ఆయన మాట ప్రకారం మాకయ్యే అద్దె సగానికి తగ్గింది. తన రాబడి తానే తగ్గించుకొని సలహా ఇచ్చే దుకాణదారు ఏ వ్యాపారంలోనైనా అరుదు.

కెమెరా ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. దుకాణంలో సోనీ ఏ7 III, ఏ7ఎస్ III రెండూ ఉన్నాయి. ఏ7ఎస్ III 2020లో వచ్చింది, 12.1 మెగాపిక్సెళ్లతో తక్కువ వెలుతురు కోసమే తయారైన కెమెరా, 10-బిట్ వీడియో (రంగుల మెట్లు ఎక్కువగా ఉండేది) ఇస్తుంది. 2018 నాటి ఏ7 III 24.2 మెగాపిక్సెళ్లది, లోపల రికార్డయ్యే వీడియో 8-బిట్‌ది. అద్దెలో తేడా చాలా ఉంది. మా చేతిలో ఉన్న డబ్బుకు పాతదే గతి అని మేము అనుకుంటుండగా, ఆయన మమ్మల్ని దుకాణం వెనుక గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, లైట్లన్నీ ఆర్పి, ఒక మూల చిన్న బల్బు మాత్రం వెలిగించారు. ఎర్ర దుప్పటి ఒకటి కుర్చీ మీద వేసి, ఏ7 IIIతో ఐఎస్ఓ (తక్కువ వెలుతురును కెమెరా ఎంతగా పెంచి చూపాలో చెప్పే అంకె) 800 నుంచి మొదలుపెట్టి 1600, 3200, 6400, 12800 వరకు ఒక్కొక్క ముక్క తీయించి, పెద్ద మానిటర్ మీద వరుసగా చూపించారు. 3200 వరకు దుప్పటి మడతల్లోని నీడ శుభ్రంగా ఉంది. 6400 దగ్గర ఆ నీడలో సన్నటి కదలిక మొదలైంది. 12800 దగ్గర దుప్పటి ఎరుపు పక్కనున్న గోడ మీద రంగురంగుల చుక్కలు పురుగుల్లా పాకడం మొదలుపెట్టాయి. ఎంత దాకా పోవచ్చో ఎవరూ నోటితో చెప్పనవసరం లేకుండా మా కళ్లకే తెలిసింది. ఆ పరీక్ష అయ్యాక 3200 దాటకూడదని పట్టిక పైనే రాసుకున్నాం.

అదే గదిలో ఇంకొక పరీక్ష కూడా చేయించారు. ఎస్-లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా పాలిపోయినట్టు రికార్డు చేసే సోనీ పద్ధతి) తీస్తే ఎడిటింగ్‌లో రంగులు బాగా మార్చుకోవచ్చని విని వచ్చిన మాకు, అదే గోడను ఒకసారి ఎస్-లాగ్3లో, ఒకసారి సినీ4 గామాలో (అంతగా పాలిపోని మరో సెట్టింగులో) తీసి చూపించారు. 8-బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10-బిట్‌లో 1,024 ఉంటాయి. లాగ్‌లో చీకటి భాగాలకు దక్కే కొద్దిపాటి మెట్లను రంగులు దిద్దేటప్పుడు సాగదీస్తే, వెలుతురు నుంచి చీకటికి మెల్లగా జారవలసిన గోడ పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. పెళ్లి వీడియోలో ఆ పట్టీలు కనబడే చోటు తక్కువ. ఫ్రేములో ముప్పాతిక భాగం చీకటి గోడే ఉండే హారర్‌లో అవే ముందుగా కనబడతాయి. మేము ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వాడతామని తెలిశాక, అందులో వీడియో నాయిస్ (చీకట్లో పాకే ఆ రంగు చుక్కలు) తగ్గించే సౌకర్యం లేదనీ, అది డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉందనీ గుర్తుచేసి, కంటికి కావలసినదానికంటే కాస్త ఎక్కువ వెలుతురులో తీసి ఎడిటింగ్‌లో చీకటి చేసుకొమ్మన్నారు. చీకటిని చీకటిలోనే తీయాలని పట్టుబట్టే కొత్తవారందరికీ ఈ ఒక్క మాట చేరాలని నా కోరిక.

ఫ్రేము రేటు సెకనుకు 25, షటర్ వేగం (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 దగ్గర స్థిరంగా పెట్టి ఇచ్చారు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి బల్బులు సెకనుకు వందసార్లు మినుకుతాయి, ఆ లెక్కకు 1/50 సరిగ్గా సరిపోతుంది, ఫ్రేములో నల్లటి చారలు పాకవు. ఏ వెలుతురును తెలుపుగా చూడాలో కెమెరాకు చెప్పే వైట్ బ్యాలెన్స్‌ను 4,300 కెల్విన్ దగ్గర పెట్టించారు; కెల్విన్ అంకె దానికంటే ఎక్కువున్న లైటు నీలంగా, తక్కువున్నది పసుపుగా కనబడుతుంది. 5,600 కెల్విన్ ఎల్‌ఈడీ లైటు కిటికీ బయట నుంచి పడితే వెన్నెల నీలంగా, గదిలోని పాత ఫిలమెంట్ బల్బు పసుపు నారింజగా వచ్చాయి. గడిలో తీసిన షాట్లన్నిటిలోనూ ఈ రెండు రంగుల మధ్య తేడాయే మా టీజర్‌కు అందమిచ్చింది.

దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు ఏ కంపెనీదీ కాదు. చెక్క పలక మీద ఒక బల్బు హోల్డరు, దాని పక్కన ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు బిగించి, ఐదు మీటర్ల వైరు కలిపి ఎలక్ట్రీషియన్ చేత చేయించిన సాధనమది. ఫిలమెంట్ బల్బు పెట్టి రెగ్యులేటరు తిప్పితే వెలుతురు తగ్గుతూ, ఎర్రబడుతూ పోతుంది. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని జరగదు. బల్బు కొట్టుకోవడాన్ని ఎడిటింగ్‌లో చేయాలనుకున్న మేము, తెర వెనుక ఒకరు కూర్చుని రెగ్యులేటరు తిప్పుతుండగా తీశాం. వెలుతురు తగ్గిన ప్రతిసారీ అమ్మాయి ముఖం మీది నీడ, ఆమె వెనుక స్తంభం నీడ, గోడ మీద మంచం కాళ్ల నీడ కలిసి కదిలాయి. ఆ నిజమైన నీడలను కంప్యూటర్‌లో పుట్టించడం మా తరం అయ్యేది కాదు. ఈ పలకకు ఆయన తీసుకునే అద్దె నామమాత్రం.

లైటు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. లైటు నుంచి దూరం రెట్టింపైతే అక్కడ పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి లైటును ముఖానికి వీలైనంత దగ్గరగా పెట్టి, దాని బలం తగ్గిస్తే, ముఖం వెలుగుతుంది, రెండు మూడు గజాల వెనుకనున్న గోడ తనంతట తానే చీకట్లో కలిసిపోతుంది. లైటును దూరంగా పెట్టి బలం పెంచితే ముఖమూ గోడా సమానంగా వెలిగి గది మొత్తం బయటపడుతుంది. నల్ల గుడ్డలు మోసుకెళ్లి గోడలు కప్పాలనుకున్న మాకు ఆ శ్రమ తప్పింది.

గిరక షాట్‌లో కూడా లైటు ఎక్కడ ఉందన్నదే ముఖ్యమైంది. గిరక ఇరుసుకు నల్లదారం చుట్టి బావి అవతలి వైపు నుంచి లాగాలని మా ఆలోచన. వెనుక నుంచి పడే వెలుతురులో ఎంత సన్నటి దారమైనా మెరుస్తుంది కనుక, లైటును పక్కకు జరిపి, దారం నీడ వైపు ఉండేలా చూసుకొమ్మని ఆయన బొమ్మ గీసి ఇచ్చారు. దారం ఏ ఫ్రేములోనూ కనబడలేదు.

ఇక లోపాల సంగతి. మేము బుక్ చేసుకున్న లైటు, సామాను తీసుకునే రోజు ఉదయం, అనుకోకుండా వచ్చిన ఒక పెద్ద ఫంక్షన్‌కు వెళ్లిపోయింది. దాని బదులు ఇచ్చిన ఎల్‌ఈడీ లైటు చూడటానికి అంతే వెలుగుతుంది కానీ, దాని వెలుతురులో ఆకుపచ్చ ఛాయ ఉంది. దుకాణంలో ట్యూబు లైట్ల కింద అది తెలియలేదు. గడిలో, అది ఒక్కటే వెలుగుతున్నప్పుడు, అమ్మాయి బుగ్గలు, మెడ ఆకుపచ్చగా కనబడ్డాయి. కెమెరాలో టింట్ (ఆకుపచ్చ, గులాబీల మధ్య సర్దుబాటు) మార్చి కొంత, రంగులు దిద్దేటప్పుడు కొంత సర్దుకున్నాం. అయితే అలా సర్దిన షాట్లలో పసుపు బల్బు రంగు గులాబీ వైపు జరిగిపోయి, మిగతా షాట్లతో కలపడానికి చాలా శ్రమ పడవలసి వచ్చింది. వాపసు ఇచ్చేటప్పుడు ఆ ఫుటేజీ చూపిస్తే యజమాని వాదించకుండా ఆ లైటు అద్దె మొత్తం తగ్గించారు. అది మెచ్చుకోదగినదే. కానీ బుక్ చేసుకున్న వస్తువును చివరి నిమిషంలో మార్చడం తప్పు. పెద్ద గిరాకీ వస్తే విద్యార్థుల బుకింగ్ వెనక్కు వెళుతుందన్న భావన ఏ దుకాణానికీ మంచిది కాదు. లైటు తీసుకునే ముందు మిగతా లైట్లన్నీ ఆర్పించి, తెల్ల కాగితం మీద, అరచేతి మీద దాని వెలుతురు చూసుకోవాలి.

శబ్దం విషయంలో దుకాణం చాలా వెనుకబడి ఉంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు మాట్లాడటానికి చొక్కాకు తగిలించే వైర్‌లెస్ మైకులు ఉన్నాయి, మైకును ఫ్రేముకు బయట నుంచి దగ్గరకు చాచే బూమ్ కర్ర లేదు, ఎదుటి వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైకు లేదు. ఒక జూమ్ హెచ్1ఎన్ రికార్డరు ఉంది; రెండు ట్రిపుల్-ఏ బ్యాటరీలతో నడిచే ఆ చిన్న యంత్రం 24-బిట్, 96 కిలోహెర్ట్జ్ వరకు రికార్డు చేస్తుంది, మా పనికి అది బాగా సరిపోయింది కూడా. కానీ దానితో గాలి చప్పుడును ఆపే తొడుగు ఇవ్వలేదు. వానాకాలం రాత్రి బావి దగ్గర ఎప్పుడూ గాలి వీస్తూనే ఉంటుంది; తొడుగు లేని మైకులో ఆ గాలి ఉరుములా పడుతుంది. గిరక చప్పుడును బావి దగ్గర తీయలేకపోయాం. గాలి ఆగిన వేళ గిరకను ఊడదీసి గదిలోకి తెచ్చి, టేకు దూలానికి కట్టి, చేత్తో తిప్పుతూ దగ్గర నుంచి రికార్డు చేశాం. ఇనుము ఇనుముతో రాసుకునే కీచుమనే ధ్వని, దాని వెనుక చెక్క గొణిగే లోతైన చప్పుడు, రెండూ విడివిడిగా వినబడ్డాయి. బావి దగ్గర తీసి ఉంటే ఆ రెండోది దొరికేది కాదేమో, అయినా ఆ శ్రమ దుకాణం పెట్టిందే. ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ప్రతి గదిలో ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకొమ్మని మాకు చెప్పింది కూడా మా కళాశాలలోని ఒక సీనియర్ అన్నే. దుకాణంలో ఆ ప్రస్తావన రాలేదు. భయపెట్టే నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయాల్సిందేనని, ఎడిటింగ్‌లో శబ్దం పూర్తిగా తీసేస్తే అది స్పీకరు పాడైనట్టు వినబడుతుందని మాకు అప్పుడే తెలిసింది.

అద్దె లెక్క కూడా రాత్రి పని చేసేవారికి అనుకూలంగా లేదు. 24 గంటల అద్దె అని చెబుతారు గానీ దుకాణం ఉదయం పదింటికి తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. సాయంత్రం నాలుగింటికి తీసుకున్న సామానుతో తెల్లవారుజాము దాకా షూటింగ్ చేసి, పొద్దున్న కాసేపు నిద్రపోయి, ప్యాక్ చేసి, పరకాల వైపు నుంచి హనుమకొండ చేరేసరికి గడువు దగ్గరపడుతుంది. దాటితే మరో సగం రోజు అద్దె పడుతుంది. పెళ్లిళ్లు కూడా రాత్రంతా జరిగేవే కదా, వారికి ఇచ్చే సడలింపు విద్యార్థులకు ఎందుకు ఇవ్వరని అడిగితే, పాత ఖాతాదారులకు మాత్రమే అని జవాబు వచ్చింది. ధరలు మాత్రం న్యాయంగానే ఉన్నాయి: ఏ7 III బాడీకి రోజుకు 1,500 రూపాయలు, 35 ఎంఎం లెన్సుకు 400, లైటుకు 500. ఆషాఢంలో కొంత తగ్గించి తీసుకున్నారు. హామీగా బండి ఆర్‌సీ అసలు ప్రతిని, కళాశాల గుర్తింపు కార్డు నకలును ఉంచుకున్నారు. ఆధార్ అసలు ప్రతి అడగలేదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ నకలు చాలన్నారు, ఇది చాలా దుకాణాలు నేర్చుకోవలసిన పద్ధతి.

బ్యాటరీల విషయంలో దుకాణం ఉదారంగా ఉంది. ఏ7 IIIకు వాడే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీలు మూడు, చార్జరు కెమెరా అద్దెలోనే కలిపి ఇచ్చారు. గడిలో కరెంటు ఉన్నది ఒక్క గదిలోనే. బావి దగ్గర లైటు వెలిగించడానికి 95 వాట్-అవర్ వీ-మౌంట్ బ్యాటరీ (లైట్లకు తగిలించే పెద్ద బ్యాటరీ) తీసుకొమ్మన్నారు. 60 వాట్ల లైటుకు అది పూర్తి బలంతో గంటన్నర వస్తుంది. సగం బలంతో వాడితే బావి షాట్లన్నీ ఒక్క బ్యాటరీతోనే పూర్తయ్యాయి. కెమెరా సంచిలో సిలికాజెల్ పొట్లాలు కూడా పెట్టి ఇచ్చారు. ఏసీ కారులోంచి వాన తడి ఉన్న గడిలోకి కెమెరాను దించగానే లెన్సు మీద ఆవిరి పడుతుందని, సంచి మూసే ఉంచి అరగంట ఆగాలని చెప్పారు.

మెమరీ కార్డుల గురించి దుకాణం ఇచ్చే సలహాను తప్పకుండా పాటించాలి. ఏ7 IIIలో రెండు కార్డులకు చోటుంది, ఒకే వీడియోను రెండింటిలోనూ ఒకేసారి రికార్డు చేయవచ్చు. సెకనుకు 100 మెగాబిట్ల (100 ఎంబీపీఎస్) 4కే వీడియో గంటకు దాదాపు 45 జీబీ తింటుంది, కాబట్టి 64 జీబీ కార్డులు రెండు ఉంటే నిమిషం టీజర్‌కు కావలసినదానికంటే ఎక్కువే. సామాను వాపసు చేరగానే వారు కార్డులను ఫార్మాట్ చేస్తారు, ఆ తర్వాత అడిగి లాభం లేదు. ల్యాప్‌టాప్‌లోనూ, విడిగా హార్డ్‌డిస్కులోనూ కాపీ చేసి, ప్రతి ఫైలూ తెరిచి చూసుకున్నాకే కార్డులు ఇవ్వాలి.

హారర్ టీజర్ తీయాలనుకునే విద్యార్థులు కెమెరా, లెన్సు, రెగ్యులేటరు పలక కోసం, అన్నిటికంటే ముందు ఆ ఉచిత గంట కోసం ఈ దుకాణానికి వెళ్లవచ్చని నా సిఫారసు. వెళ్లేముందు షాట్ల పట్టిక రాసుకొని, తీయబోయే చోటు ఫొటోలు ఫోన్‌లో పెట్టుకొని వెళ్లాలి. అవి లేకుండా వెళ్లినవారికి ఆయన ఆ గంట ఇవ్వరు. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య దుకాణంలో రద్దీ తక్కువగా ఉంటుంది. రికార్డరుకు గాలి తొడుగు, వీలైతే షాట్‌గన్ మైకు వేరే చోట నుంచి సమకూర్చుకోవాలి. బుక్ చేసుకున్న లైటు మోడల్‌ను, కెమెరా, లెన్సు సీరియల్ నంబర్లతో సహా, బయానా రసీదు మీదే రాయించుకుంటే మార్చే వీలుండదు. అడిగితే ఆయన కాదనరు.